బండికి ఊపిరి ఆడటం లేదు

మనిషి గాలి పీలుస్తాడు. పశువు గాలి పీలుస్తుంది. పొయ్యికి కూడా గాలి కావాలి. గాలి తగలని పొయ్యి పొగ కక్కుతుంది. ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది. ఈ సంగతి మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

పెట్రోలు కారు కూడా అంతే. దానికి పెట్రోలు ఒక్కటే చాలదు. గాలి కూడా కావాలి. ఎంత గాలి? ఒక కిలో పెట్రోలు బాగా కాలాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి. కారు తాగేది పెట్రోలు అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా తినేది గాలినే.

ఆ గాలి తక్కువైనా చిక్కే. ఎక్కువైనా చిక్కే. గాలి తగ్గితే నల్ల పొగ వస్తుంది. పెట్రోలు వృథా అవుతుంది. గాలి ఎక్కువైతే బండి దగ్గుతుంది, ఆగిపోతుంది. చాలాసార్లు ఇంజన్ బాగానే ఉంటుంది. గాలి దారిలోనే ఏదో తేడా ఉంటుంది. అది తెలియక "ఇంజన్ పోయింది" అనుకుంటారు. అలా అనుకుని నష్టపోయిన వాళ్ళు ఎందరో.

పాత అంబాసిడర్ కారులో గాలి ఎలా వెళుతుందో చూద్దాం. అందులో చెడు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలో నేర్చుకుందాం.

పీల్చడం అంటే ఏమిటి?

కొబ్బరి బొండంలో గొట్టం పెట్టి నీళ్ళు తాగుతాం. నీళ్ళు పైకి ఎలా వస్తాయి? "మనం లాగితే వస్తాయి" అంటాం. అసలు సంగతి వేరే ఉంది.

మన చుట్టూ గాలి ఉంది. గాలికి బరువు ఉంది. బొటనవేలి గోరంత చోటు మీద గాలి దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. మన ఒంటి లోపలి నుంచి కూడా అంతే ఒత్తిడి బయటికి ఉంటుంది. అందుకే మనకు ఆ బరువు తెలియదు.

గొట్టంలో గాలిని మనం నోటితో తీసేస్తాం. అప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. బయట గాలి ఒత్తిడి మాత్రం తగ్గదు. ఆ బయటి గాలే నీళ్ళను నొక్కి గొట్టంలోకి ఎక్కిస్తుంది. అంటే నీళ్ళను మనం లాగడం లేదు. బయటి గాలి నెడుతోంది.

ఇలా గాలి తగ్గిన చోటును వాక్యూమ్ అంటారు. మెకానిక్ షెడ్డులో ఈ మాట రోజూ వినిపిస్తుంది.

బయటి గాలి ఎంత బలంగా నెడుతుంది? 1650లలో జర్మనీలో ఒట్టో ఫాన్ గెరిక్ అనే ఆయన అందరి ముందూ చేసి చూపించాడు. రెండు రాగి గిన్నెలను మూతికి మూతి ఆనించాడు. లోపలి గాలిని పంపుతో తీసేశాడు. అటు ఎనిమిది గుర్రాలు, ఇటు ఎనిమిది గుర్రాలు కట్టి లాగించాడు. గిన్నెలు ఊడి రాలేదు. లోపలికి గాలి వదిలాడు. చేత్తోనే విడిపోయాయి.

గాలి ఒత్తిడికి కూడా ఒక హద్దు ఉంది. పీల్చే రకం చేతి పంపు నీటిని సుమారు 7 మీటర్ల లోతు నుంచే ఎక్కించగలదు. ఎంత మంచి పంపు అయినా 10 మీటర్లు దాటి పీల్చలేదు. అంతకు మించి నెట్టే శక్తి బయటి గాలికి లేదు. అందుకే లోతు బోర్లలో పంపు అసలు భాగాన్ని కిందికే దించుతారు.

కారులో గాలి నడిచే దారి

అంబాసిడర్ కారును హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో తయారు చేశారు. 1950ల చివర మొదలైంది. 2014లో ఆగిపోయింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు దీనికి మూలం. మన ఊళ్ళలో ఎన్నో ఏళ్ళు డాక్టరు గారి కారు అదే, కలెక్టరు గారి కారు అదే, అద్దె టాక్సీ కూడా అదే.

పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక పిస్టన్ కిందికీ పైకీ ఆడుతుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో చోటు పెరుగుతుంది. ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి లోపలికి తోసుకు వస్తుంది. సూది మందు సిరంజిలో కాడ లాగితే మందు లోపలికి రావడం చూశారు కదా. ఇది కూడా అంతే.

ఆ గాలి ఈ వరుసలో నడుస్తుంది.

1. మొదట ఎయిర్ ఫిల్టర్. ఇది జల్లెడ లాంటిది. దుమ్మును ఆపుతుంది.

2. తర్వాత కార్బురేటర్. ఇక్కడ గాలిలో పెట్రోలు కలుస్తుంది.

3. కార్బురేటర్‌లోనే ఒక గుండ్రటి రేకు తలుపు. ఎక్సలేటర్ తొక్కితే ఈ తలుపు తెరుచుకుంటుంది. కాలు తీస్తే మూసుకుంటుంది.

4. ఆ తర్వాత మానిఫోల్డ్ అనే గొట్టం. అది గాలిని నాలుగు సిలిండర్లకు పంచుతుంది.

ఎక్సలేటర్ మీద కాలు లేనప్పుడు తలుపు దాదాపు మూసి ఉంటుంది. ఇంజన్ గాలి కోసం గుంజుతుంది. గాలి సరిగా రాదు. అందువల్ల తలుపు వెనక, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువగా ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికి వస్తుంది.

గంట మూత కింద ఏముంది?

పాత అంబాసిడర్లలో ఎస్.యు. అనే రకం కార్బురేటర్ కనిపిస్తుంది. తర్వాతి బండ్లలో వేరే రకాలు కూడా వచ్చాయి. ఎస్.యు. రకాన్ని ఇంగ్లండులో స్కిన్నర్ అనే అన్నదమ్ములు తయారు చేశారు. వాళ్ళది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. అందుకేనేమో, మొదటి కార్బురేటర్‌లో తోలు తిత్తి వాడారు. కమ్మరి కొలిమి దగ్గర ఉండే తిత్తి లాంటిదన్నమాట. ఆ తర్వాత తోలు తీసేసి లోహపు పిస్టన్ పెట్టారు.

ఈ కార్బురేటర్‌ను గుర్తు పట్టడం తేలిక. పైన గుడి గంటలాంటి మూత ఉంటుంది. ఆ మూత లోపల ఒక పిస్టన్ ఉంటుంది. ఇది ఇంజన్ పిస్టన్ కాదు. గాలి దారిలో అడ్డంగా దిగి ఉండే చిన్న పిస్టన్.

మీరు ఎక్సలేటర్ తొక్కారు. తలుపు తెరుచుకుంది. ఇంజన్ గుంజే వాక్యూమ్ చిన్న రంధ్రం గుండా గంట మూతలోకి పోయింది. పిస్టన్ పైన ఒత్తిడి తగ్గింది. కింద బయటి గాలి ఒత్తిడి అలాగే ఉంది. అందుకని పిస్టన్ పైకి లేచింది. గాలి దారి వెడల్పు అయింది.

పిస్టన్‌కు కింద ఒక సన్నని సూది వేలాడుతుంది. అది పెట్రోలు వచ్చే రంధ్రంలో దిగి ఉంటుంది. పిస్టన్ లేస్తే సూది కూడా లేస్తుంది. సూది కొస సన్నం కదా, రంధ్రం తెరుచుకుని పెట్రోలు ఎక్కువ వస్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది. పొయ్యి మంట పెంచుతూ తగ్గిస్తూ ఒక మనిషి పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

పిస్టన్ ఒక్కసారిగా ఎగరకూడదు. అందుకు దాని నడిమి గొట్టంలో కొంచెం పలుచని నూనె పోస్తారు. నూనె పిస్టన్‌ను నెమ్మదిగా లేవనిస్తుంది. దిగేటప్పుడు మాత్రం అడ్డు పడదు.

ఒక ఇంటి కథ

ఒక అక్క ఉంది. ఆమె భర్త అంబాసిడర్ నడిపి కుటుంబాన్ని పోషించాడు. ఆయన చనిపోయాడు. బండి రెండేళ్ళు రేకుల షెడ్డులో పడి ఉంది. కూతురి కాలేజీ ఫీజు కోసం బండి అమ్ముదామని అక్క అనుకుంది.

కొనేవాడు వచ్చాడు. బండి స్టార్టు చేశాడు. స్టార్టు అయింది గానీ పడుతూ లేస్తూ ఆడింది. ఎక్సలేటర్ తొక్కితే దగ్గి ఆగిపోయింది.

"ఇంజన్ పోయిందమ్మా. రింగులు అరిగిపోయినై. ఇనుము లెక్కన తూకం వేసి తీసుకుంటాను. అదే ఎక్కువ" అన్నాడు.

అక్క వెంటనే సరే అనలేదు. "రెండు రోజులు ఆగి చెపుతాను నాయనా" అంది. మరిదిని పిలిచింది. ఊళ్ళో పెద్ద మేస్త్రిని కూడా పిలిపించింది. అక్షరాలు దిద్దిన నోటు పుస్తకం పక్కన పెట్టుకుంది.

"వదినా, పుస్తకం ఎందుకు?" అన్నాడు మరిది.

"మీరు ఏది చూస్తే అది రాస్తానయ్యా. ఏది బాగుందో, ఏది బాగా లేదో నాకూ తెలియాలి" అంది అక్క.

మేస్త్రి ముందు పాత పెట్రోలు తీసేశాడు. కొత్త పెట్రోలు పోశాడు. ప్లగ్గుల్లో నిప్పు వస్తోందో లేదో చూశాడు. వస్తోంది. సైలెన్సర్ పొగ చూశాడు. నీలం పొగ లేదు.

"రింగులు పోతే ఇంజన్ ఆయిలు కాలుతుంది. నీలం పొగ వస్తుంది. ఇక్కడ అది లేదమ్మా. గాలి దారి చూద్దాం" అన్నాడు.

ముందు జాగ్రత్త

బానెట్ ఎత్తే ముందు ఈ మాటలు చదవండి.

ఇంజన్ తిరిగేటప్పుడు ముందు ఫ్యాను, బెల్టు తిరుగుతాయి. కొంగు నడుముకు దోపండి. జడ ముడి వేయండి. గాజులు పైకి తోయండి. కొంగు బెల్టులో పడితే ప్రాణానికే ముప్పు.

షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి. వీలైతే బండిని బయటికి తోయండి. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో మనిషిని నిద్రలోనే చంపుతుంది.

దగ్గరలో బీడీ, చుట్ట, దీపం ఉండకూడదు. పెట్రోలు తడిసిన గుడ్డలు దూరంగా వేయండి. పిల్లలను దగ్గరికి రానీయకండి.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం తాకకండి.

ఒకటో పరీక్ష: జల్లెడ

మేస్త్రి ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. నోటి దగ్గర మట్టి గూడు ఉంది. కందిరీగ లాంటి పురుగు కట్టింది. లోపల దుమ్ము గట్టిగా పట్టింది. గూడు తీసి, దులిపి, శుభ్రం చేశారు.

బండి కొంచెం మెరుగుపడింది. కానీ రోగం పూర్తిగా పోలేదు. అక్క రాసింది: "ఫిల్టర్. మట్టి గూడు. తీశాము. కొంచెం నయం."

మరిది తొందరపడ్డాడు. "అన్నీ ఒక్కసారే విప్పి కడిగేద్దాం మేస్త్రీ" అన్నాడు.

"వద్దు. ఒక్కసారే అన్నీ మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఒకటి చేయాలి. చూడాలి. అప్పుడు రెండోది" అన్నాడు మేస్త్రి.

మంచి డాక్టరు కూడా అలాగే చేస్తాడు. ఒకేసారి పది మందులు రాయడు.

రెండో పరీక్ష: పిస్టన్ "టక్" అనాలి

ఇంజన్ ఆపారు. ఫిల్టర్ తీసే ఉంది. మేస్త్రి వేలు లోపలికి పెట్టి చిన్న పిస్టన్‌ను పైకి ఎత్తాడు. వదిలాడు.

బాగున్న పిస్టన్ ఎత్తేటప్పుడు కొంచెం బరువుగా వస్తుంది. నూనె ఆపుతుంది కాబట్టి. వదిలితే చప్పున దిగుతుంది. అడుగున తగిలి "టక్" మని శబ్దం వస్తుంది.

ఈ పిస్టన్ ఎత్తేటప్పుడు బరువే లేదు. నూనె ఎండిపోయిందన్నమాట. వదిలితే సగంలో ఆగిపోయింది. "టక్" శబ్దం రాలేదు.

ఇలా పట్టేసిన పిస్టన్ ఏం చేస్తుంది? కింద పట్టేస్తే ఎక్సలేటర్ తొక్కినా గాలి చాలదు. బండి లాగదు. పైన పట్టేస్తే బండి స్టార్టు కావడం కష్టం. స్టార్టు అయినా నిలకడగా ఆడదు.

పిస్టన్ పట్టేయడానికి కారణాలు మూడు.

ఒకటి, మురికి. నిలవ ఉన్న పెట్రోలు ఎండితే జిగురు లాంటి పొర కడుతుంది.

రెండు, సూది వంగడం.

మూడు, పెట్రోలు రంధ్రం నడుమకు లేక సూది ఒక పక్కకు రాసుకోవడం.

మేస్త్రి ముందుగా గంట మూతకు, కింది భాగానికి కలిపి ఒక గీత గీశాడు. మళ్ళీ పెట్టేటప్పుడు గీతకు గీత కలవాలి. అప్పుడు మూత విప్పాడు. పిస్టన్‌ను మెల్లగా పైకి తీశాడు. సూది తిన్నగానే ఉంది. మూత లోపల గోధుమ రంగు జిగురు పట్టి ఉంది.

అక్క గరుకు కాగితం తీసుకురాబోయింది.

"వద్దమ్మా" అన్నాడు మేస్త్రి. "ఈ మూత, ఈ పిస్టన్ జోడు. వెంట్రుక మందం సందు వదిలి చేసి ఉంటారు. గరుకు కాగితంతో రుద్దితే సందు పెరుగుతుంది. వాక్యూమ్ నిలవదు. ఒక బండి మూత ఇంకో బండికి పెట్టినా అంతే."

మెత్తని గుడ్డను పెట్రోలుతో తడిపి తుడిచారు. నడిమి కాడకు మాత్రం ఒక చుక్క పలుచని నూనె రాశారు. పిస్టన్ పక్కలకు నూనె రాయలేదు. అక్కడ పొడిగా ఉండాలి. నూనె ఉంటే దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటుంది. గీతకు గీత కలిపి మూత బిగించారు. నడిమి గొట్టంలో పలుచని నూనె పోశారు.

పిస్టన్ ఎత్తి వదిలారు. "టక్" మంది.

బండి స్టార్టు చేశారు. ఎక్సలేటర్ తొక్కితే లాగింది. కానీ కాలు తీస్తే ఇంకా పడుతూ లేస్తూ ఉంది. అక్క రాసింది: "పిస్టన్. జిగురు. తుడిచాము. నూనె పోశాము. పికప్ వచ్చింది. ఐడిలింగ్ బాగాలేదు."

మూడో పరీక్ష: దొంగగాలి

కుక్కరు గ్యాస్కెట్ పాడైతే ఏమవుతుంది? ఆవిరి బయటికి పోతుంది. విజిలు రాదు. పప్పు ఉడకదు.

కారు ఇంజన్‌కు కూడా గ్యాస్కెట్లు ఉన్నాయి. షెడ్డులో ప్యాకింగ్ అంటారు. కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ నడుమ ఒకటి ఉంటుంది. మానిఫోల్డ్‌కూ ఇంజన్‌కూ నడుమ ఒకటి ఉంటుంది. ఇక్కడ కథ కుక్కరుకు తిరగేసి ఉంటుంది. కుక్కరులో ఒత్తిడి లోపల ఎక్కువ. అందుకని ఆవిరి బయటికి పోతుంది. మానిఫోల్డ్‌లో ఒత్తిడి లోపల తక్కువ. అందుకని బయటి గాలి లోపలికి దూరుతుంది.

ఈ గాలి కార్బురేటర్ దాటి రాలేదు. దొడ్డి దారిన వచ్చింది. దానికి పెట్రోలు కలవలేదు. దీన్ని దొంగగాలి అనుకోవచ్చు. దొంగగాలి వస్తే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఎక్సలేటర్ మీద కాలు లేనప్పుడే వాక్యూమ్ ఎక్కువ అని ముందే చదివాం కదా. అందుకే దొంగగాలి రోగం అప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

దీన్ని చెవితో పట్టవచ్చు. మేస్త్రి రెండడుగుల రబ్బరు గొట్టం తీసుకున్నాడు. ఒక కొస అక్క చెవి దగ్గర పెట్టమన్నాడు. రెండో కొసను ఫ్యానుకు దూరంగా, అతుకుల చుట్టూ మెల్లగా తిప్పాడు.

"ఇక్కడ బుస కొడుతోంది మేస్త్రి గారూ" అంది అక్క.

అది కార్బురేటర్, మానిఫోల్డ్ కలిసే చోటు. నిర్ధారణ కోసం మేస్త్రి ఆ అతుకు మీద కుంచెతో రెండు చుక్కలు పలుచని ఆయిలు రాశాడు. ఇంజన్ శబ్దం ఒక్క క్షణం మారింది. ఆయిలు సందును మూసిందన్నమాట. కొందరు ఇక్కడ పెట్రోలు చల్లి చూస్తారు. అలా చేయకూడదు. వేడి ఇంజన్ మీద పెట్రోలు పడితే నిప్పు అంటుకుంటుంది.

ఇంజన్ ఆపి, చల్లారాక విప్పారు. ప్యాకింగ్ ఎండి చిట్లింది. కొత్త ప్యాకింగ్ వేసి నట్లు రెండు వైపులా సమంగా బిగించారు. బుస ఆగింది. ఐడిలింగ్ కుదిరింది. అక్క రాసింది: "ప్యాకింగ్. చిట్లింది. మార్చాము. నిలకడగా ఆడుతోంది."

నాలుగో పరీక్ష: సిరంజితో

కార్బురేటర్ నుంచి ఒక సన్నని గొట్టం డెల్కోకు పోతుంది. డెల్కో అంటే ప్లగ్గులకు నిప్పు పంచేది. దాని పక్కన చిన్న డబ్బా ఉంటుంది. డబ్బాలో పలుచని పొర ఉంటుంది. దాన్ని డయాఫ్రం అంటారు. వాక్యూమ్ వస్తే పొర వంగుతుంది. నిప్పు పడే సమయాన్ని కొంచెం ముందుకు జరుపుతుంది. తక్కువ ఎక్సలేటర్‌తో సాఫీగా పోయేటప్పుడు దీనివల్ల పెట్రోలు ఆదా అవుతుంది.

దీన్ని కొందరు గొట్టంలో నోరు పెట్టి పీల్చి చూస్తారు. పెట్రోలు ఆవిరి నోట్లోకి పోతుంది. సిరంజి వాడటం మంచిది.

ఇంజన్ ఆపారు. డెల్కో మూత తీశారు. గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీశారు. పెద్ద సిరంజిని గొట్టానికి తగిలించి కాడ లాగారు. లోపలి పలక కదలాలి. కదలలేదు. పొర చిరిగిందా? మేస్త్రి తొందరపడలేదు. సిరంజిని నేరుగా డబ్బాకే తగిలించి లాగాడు. పలక కదిలింది. కాడ పట్టి ఉంచితే అలాగే నిలిచింది. అంటే పొర బాగుంది. చెడింది గొట్టమే. దాని కొసన ఉన్న చిన్న రబ్బరు ముక్క పగిలింది.

గొట్టం చూడకుండా డబ్బా మార్చి ఉంటే డబ్బు దండగ. రోగం కూడా పోయేది కాదు.

రబ్బరు ముక్క మార్చారు.

ఐదో పరీక్ష: పాళ్ళు కుదిరాయా?

ఇంజన్ బాగా వేడెక్కనిచ్చారు. ఐడిలింగ్‌లో ఉండగా చిన్న పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు మాత్రమే ఎత్తారు. అంటే చింతగింజ మందం కూడా కాదు.

ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు.

ఇంజన్ ఆగిపోబోతే పెట్రోలు తక్కువైనట్టు.

వేగం రవ్వంత పెరిగి మళ్ళీ మామూలుకు వస్తే పాళ్ళు కుదిరినట్టు.

ఈ బండిలో పెట్రోలు కొంచెం ఎక్కువైంది. మేస్త్రి కింది నట్టును కొద్దికొద్దిగా తిప్పి సరి చేశాడు.

గేజీ ఏం చెపుతుంది?

వాక్యూమ్‌ను కొలిచే గడియారం లాంటి సాధనం ఉంది. దాన్ని వాక్యూమ్ గేజీ అంటారు. మానిఫోల్డ్‌కు తగిలించి చూస్తారు. బాగున్న ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ముల్లు సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల నడుమ కదలకుండా నిలుస్తుంది.

ముల్లు తక్కువలో నిలిస్తే దొంగగాలి ఉండవచ్చు, లేదా నిప్పు సమయం వెనకబడి ఉండవచ్చు. ముల్లు ఒక వరసలో కొట్టుకుంటూ ఉంటే వాల్వులు చూడాలి.

ఎత్తు ప్రదేశంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. వెయ్యి అడుగుల ఎత్తుకు ముల్లు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉంది. హైదరాబాదు సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉంది. ఒకే బండి విశాఖలో 19 చూపితే హైదరాబాదులో 17కు కాస్త అటూ ఇటూ చూపవచ్చు. అది రోగం కాదు.

అక్క బండిలో ముల్లు 18 మీద కదలకుండా నిలిచింది. "రింగులు పోయిన బండి ఇలా నిలవదమ్మా" అన్నాడు మేస్త్రి.

బేరం

మూడో రోజు కొనేవాడు వచ్చాడు. అక్క బండి స్టార్టు చేయించింది. బండి నిలకడగా ఆడింది. ఎక్సలేటర్ తొక్కితే లాగింది.

"రింగులు పోయినై అన్నావు. నీలం పొగ ఎక్కడుంది నాయనా?" అంది అక్క.

ఆయన మాట్లాడలేదు. అక్క పుస్తకం తెరిచి ముందు పెట్టింది. ఏ రోజు ఏది చూశారో, ఏం మార్చారో, గేజీ ఎంత చూపిందో అన్నీ వరసగా రాసి ఉన్నాయి. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. సంగతి మాత్రం తిన్నగా ఉంది.

"ఇనుము ధర వద్దు. నడిచే బండి ధర చెప్పు. నచ్చితే ఇస్తాను. లేకపోతే ఇంకొకరిని అడుగుతాను" అంది అక్క.

ఆయన ధర పెంచాడు. అక్క ఇంకా ఇద్దరిని అడిగింది. వాళ్ళలో ఎక్కువ ఇచ్చిన వాళ్ళకు అమ్మింది. కూతురి ఫీజు కట్టింది. మేస్త్రి కూలి కూడా ఇచ్చింది.

అక్క మెకానిక్ కాలేదు. పానా పట్టింది మేస్త్రే. కానీ ఆమె ప్రశ్న అడిగింది. జవాబు రాసుకుంది. ఒకరి మాట నమ్మి సంతకం పెట్టలేదు.

బండి అయినా, మోటారు పంపు అయినా, కుట్టు మిషను అయినా ఇదే పద్ధతి. ముందు లక్షణం చూడాలి. గాలి, నీరు, కరెంటు ఏ దారిన వస్తుందో తెలుసుకోవాలి. తేలికైన చోటు నుంచి మొదలు పెట్టాలి. ఒక్కొక్కటే చూడాలి. చూసింది రాయాలి. ఆ తర్వాతే డబ్బు ఖర్చు పెట్టాలి.

కొత్త మాటలు

వాక్యూమ్ – చుట్టూ ఉన్న గాలి కంటే ఒత్తిడి తగ్గిన చోటు

కార్బురేటర్ – గాలిలో పెట్రోలు కలిపే భాగం

మానిఫోల్డ్ – గాలిని సిలిండర్లకు పంచే గొట్టం

ప్యాకింగ్ – రెండు భాగాల నడుమ సందు మూసేది

డయాఫ్రం – వాక్యూమ్‌కు వంగే పలుచని పొర

ఐడిలింగ్ – ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడటం

జవాబులు చెప్పండి

1. గొట్టంతో బొండం నీళ్ళు తాగేటప్పుడు నీళ్ళను పైకి నెట్టేది ఏది?

2. గరుకు కాగితంతో గంట మూతను ఎందుకు రుద్దకూడదు?

3. కుక్కరు గ్యాస్కెట్‌కూ కారు ప్యాకింగ్‌కూ పోలిక ఏమిటి? తేడా ఏమిటి?

4. డబ్బా మార్చకుండా మేస్త్రి ముందు గొట్టం ఎందుకు చూశాడు?

5. మూసిన షెడ్డులో ఇంజన్ ఎందుకు ఆడించకూడదు?

లెక్క చేయండి

ఒక కిలో పెట్రోలుకు 15 కిలోల గాలి కావాలి. 4 కిలోల పెట్రోలుకు ఎన్ని కిలోల గాలి కావాలి?

చేసి చూడండి

సూది లేని కొత్త సిరంజి తీసుకోండి. దాని మూతిని వేలితో మూయండి. కాడ వెనక్కి లాగండి. వదలండి. కాడ ఏమైంది? ఎవరు నెట్టారు? మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో పంపు, మిక్సీ, కుట్టు మిషను ఏదైనా ఎప్పుడైనా చెడిందా? బాగు చేసిన వాళ్ళు ఏం చెప్పారు? మీరు ఏ ప్రశ్నలు అడిగారు? ఇప్పుడైతే ఏం అడుగుతారు? అందరూ కలిసి మాట్లాడి, ఆ ప్రశ్నలను నోటు పుస్తకంలో రాయండి.